చిన్న అంగీ

ధ్యాన భాగములు: 1 సమూయేలు 2:18–21, న్యాయాధిపతులు 11:30–40, ఆదికాండము 33:12–14



హన్నా ప్రార్థనను గూర్చి మనము అనేక ప్రసంగములు వినియున్నాము. ఆమె కార్చిన కన్నీరు, యాజకుడు ఆమెను అపార్థము చేసికొనుట, ఆమె మ్రొక్కుబడి, ఇవన్నియు మన స్త్రీల సమాజములలో తరచుగా చెప్పబడును. అయితే దాని వెంట వచ్చు చిన్న సంగతి నొకదానిని మనము త్వరగా చదివి దాటిపోవుదుము. సమూయేలును షిలోహులో విడిచి వచ్చిన తరువాత ఆ తల్లి ఊరకుండలేదు. ప్రతి సంవత్సరము బిడ్డకొరకు ఒక చిన్న అంగీని తన చేతులతో కుట్టి, పండుగకు పోవునప్పుడు మూటలో పెట్టుకొని పోవుచుండెను.

ఆమె కొలత ఎట్లు తీసెనో గ్రంథము చెప్పదు. బిడ్డ ఎదుట లేడు. పొరుగింట అదే యీడు పిల్లవానిని పిలిచి, వాని భుజముల మీద గుడ్డ పెట్టి చూచెనేమో. ఎట్లయినను నిరుటి అంగీకంటె ఈ యేటి అంగీ కొంత పొడవుగా నుండవలెను. గుడ్డను కత్తిరించిన ప్రతిసారి ఆ తల్లి మనస్సులో, నా బిడ్డ ఇంత ఎదిగియుండును గదా అను సంతోషము కలిగియుండును. వాడు దేవుని మందిరములో పని చేయుచున్నాడు. అయినను ఆమెకు వాడు ఎదుగుచున్న బిడ్డయే.

ఈ అంగీ నాకు జ్ఞాపకము వచ్చుటకు కారణము మన యౌవనుల కూడికలో వచ్చిన ఒక ప్రశ్న. ఒక తమ్ముడు తన సెల్‌ఫోనులో ఒక వీడియో చూపించెను. ఏడెనిమిది ఏండ్ల పాప ఒకతె మెరయుచున్న గౌను తొడుగుకొని, మంచు పలక మీద పాటకు తగినట్లు జారుచున్నది. నడుమ పడినది. లేచినది. మరల జారినది. చివరకు చేతులు చాచి నిలిచి, చప్పట్లు కొట్టుచున్న జనమువైపు కాక, ఎవరినో వెదకుచున్నట్లు ఒక ప్రక్కకు చూచినది. "అయ్యగారూ, ఇంత చిన్నపిల్లను పోటీలో నిలబెట్టడం తప్పా, ఒప్పా?" అని ఆ తమ్ముడు అడిగెను. కొందరు నవ్విరి. వెనుక కూర్చున్న పెద్దాయన ఒకరు, మన పిల్లలకు ఆ మంచు గొడవ ఎందుకండీ అనిరి. నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేక, తరువాత వ్రాసెదనని తప్పించుకొంటిని. ఇప్పుడు వ్రాయుచున్నాను.

ఆ ఆటను ఫిగర్ స్కేటింగ్ అందురు. చలిదేశములలో చెరువులు శీతకాలమున గడ్డకట్టును. వాటి మీద జారుచు పోవుట అక్కడివారికి పూర్వమునుండి అలవాటు. ఇప్పుడు పెద్ద కట్టడములలో యంత్రములతో నేలను చల్లబరచి, సుమారు 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పుగల మంచు పలకను తయారుచేయుదురు. మన దేశములోనే సిమ్లా పట్టణమున ఆరుబయట చలికే నీరు గట్టిపడు స్థలమొకటి 1920 నుండి యున్నది. బూటు అడుగున బిగించిన ఉక్కు బద్ద మందము ఇంచుమించు నాలుగు మిల్లీమీటర్లు. దానికి రెండు అంచులు, నడుమ సన్నని గాడి. ఆ అంచు మీదనే మనిషి భారమంతయు నిలుచును.

పూర్వము ఈ పోటీలో గొప్ప సంగతి ఎగురుట కాదు, గీయుట. శుభ్రమైన మంచు మీద ఒంటికాలితో ఎనిమిది అంకెవంటి గీత గీసి, మరల మరల అదే గీత మీదుగా పోవలెను. మన పిల్లలు పలక మీద అక్షరములు దిద్దునట్లే. తీర్పరులు వంగి, ఆ గీతలు ఒకదానిమీద నొకటి పడినవో లేదో పరిశీలించెడివారు. ఫిగర్ అను పేరు ఆ గీతలనుండి వచ్చినదే. 1990తో పెద్ద పోటీలలో ఆ దిద్దుడు పరీక్ష తీసివేయబడెను. అది పోయినప్పటినుండి ఎగురువారికే యెక్కువ లాభమాయెను. ఈ మాటను కొంచెము జ్ఞాపకముంచుకొనుడి. మరల దీనియొద్దకు వచ్చెదను.

చిన్నబిడ్డల పోటీలు మాత్రము ఇంత కఠినముగా నుండవు. ఒక నిమిషమో, మరి కొంచెము ఎక్కువయో పాట యుండును. ముందుకు జారుట, వెనుకకు జారుట, ఒంటికాలి మీద నిలుచుట, రెండు కాళ్ల మీద గిరగిర తిరుగుట, కుందేలు గెంతు అను ఒక చిన్న గెంతు, అంతే. ముందుగా బిడ్డల నందరిని కలిపి కొన్ని నిమిషములు మంచు మీదికి విడుతురు. ఆ తరువాత ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలుతురు. పేరు పిలిచిన తరువాత ఆ బిడ్డ ఒంటరియే. తల్లి మెట్ల మీద కూర్చుండును, శిక్షకురాలు కట్ట అవతల నిలుచును. క్రిస్మస్ కార్యక్రమములో మన అయిదేండ్ల పిల్ల వేదిక ఎక్కినప్పుడు దాని గుండె ఎట్లు కొట్టుకొనునో మనకు తెలియును. అక్కడ కాళ్ల క్రింది నేల కూడ జారునదే.

ఈ విద్యలో నాకు మిక్కిలి నచ్చిన సంగతి ఒకటి కలదు. మంచు మీద అడుగుపెట్టిన బిడ్డకు మొదట నేర్పు పాఠము పడుట. మోకాళ్లు వంచి ప్రక్కకు ఎట్లు పడవలెనో, చేతి వ్రేళ్లు బద్ద క్రింద పడకుండ ఎట్లు ముడుచుకొనవలెనో, మోకాలు ఊని ఎట్లు లేవవలెనో ముందు నేర్పి, తరువాతనే నడక నేర్పుదురు. పోటీలో పడినను పాట ఆగదు. లేచి, పాట ఎక్కడికి పోయినదో అక్కడ అందుకొనవలెను. నీతిమంతుడు ఏడు మారులు పడినను లేచునని సామెతల గ్రంథకర్త చెప్పిన మాటను ఏడేండ్ల పాపకు ఇంతకంటె బాగుగ ఎవరు బోధించగలరు? మన ఇండ్లలో పడకూడదని నేర్పుదుము గాని, పడినప్పుడు ఎట్లు లేవవలెనో నేర్పువారు తక్కువ.

కాబట్టి పోటీయే పాపమని నేను చెప్పజాలను. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసినప్పుడు పందెపు మైదానములో పరుగెత్తువారిని చూపి బోధించెను గాని, వారిని తిట్టలేదు. ఆయన ఆ ఆటలను కన్నులార చూచియుండవచ్చును. కొరింథు సమీపముననే అవి జరిగెడివి. బిడ్డకు శరీరము ఇచ్చినవాడు దేవుడు. ఆ శరీరము గాలివలె పరుగెత్తుట చూచి సంతోషించువాడును ఆయనయే. తలాంతును పూడ్చిపెట్టుమని ప్రభువు ఎక్కడను చెప్పలేదు.

ఇప్పుడు ఒక పాత సంగతి వినుడి. 1924 జనవరిలో ఫ్రాన్సు దేశమున షామొనీ అను పర్వతగ్రామమునొద్ద మొట్టమొదటి శీతకాల ఒలింపిక్ ఆటలు జరిగెను. స్త్రీల స్కేటింగులో ఎనిమిదిమంది నిలిచిరి. వారిలో ఒకతె నార్వే దేశపు సోన్యా హెనీ. ఆమె వయస్సు 11 ఏండ్లు. తక్కినవారందరు ఆమెకంటె పెద్దవారు. ఆట నడుమ తరువాత ఏమి చేయవలెనో మరచి, ఆ బిడ్డ కట్ట ప్రక్కకు జారి వచ్చి తన శిక్షకుని అడిగి మరల వెళ్లినదని చెప్పుదురు. ఫలితము చదివినప్పుడు ఆమె ఎనిమిదవది, అనగా అందరికంటె చివరిది.

నాకు ఆ అడుగుట మిక్కిలి ముచ్చటగా నున్నది. పదకొండేండ్ల పిల్ల దిక్కు తోచనప్పుడు తన పెద్దవానియొద్దకు వచ్చి అడిగినది. అందులో సిగ్గుపడవలసిన దేమున్నది? ఆ చివరి స్థానము ఆమెకు చావు కాలేదు. 1928లో, 1932లో, 1936లో ఆమెయే ఒలింపిక్ బంగారు పతకము గెలిచెను. 1927 మొదలు 1936 వరకు పది సంవత్సరములు వరుసగా లోకములో ఆమెను ఓడించినవారు లేరు. ఆమె జీవితమంతయు మనకు మాదిరియని చెప్పుట లేదు సుమా. 1936లో బెర్లినులో హిట్లరుకు చెయ్యెత్తి వందనము చేసినందుకు స్వదేశపు పత్రికలే ఆమెను గద్దించినవి. పతకములు మనిషికి వివేకము నియ్యవు. నేను చెప్పునది ఆ పదకొండేండ్ల బిడ్డను గూర్చి మాత్రమే. ఆమెకు ఎదుగుటకు కాలము దొరికినది. పదకొండవ ఏట చివర నిలిచి, పదిహేనవ ఏట గెలిచి, ఇరువది మూడవ ఏట కూడ గెలువగలిగినది. ఎదిగినకొలది ఆమె విద్య హెచ్చినది గాని తగ్గలేదు.

ఇటీవలి కాలములో ఈ వరుస తలక్రిందులాయెను. దాని కారణము చెప్పెదను. మన ఆడపిల్లలు ఒప్పులకుప్ప తిరుగునప్పుడు చూడుడి, చేతులు చాచి దూరముగా నున్నప్పుడు మెల్లగా తిరుగుదురు. దగ్గరకు లాగికొన్నకొలది వేగము హెచ్చును. గాలిలో గిరగిర తిరుగు స్కేటరు సంగతియు అంతే. దేహము ఎంత సన్నగా, ఎంత తేలికగా నుండునో అంత త్వరగా తిరుగగలదు. గీతలు దిద్దుట పోయి గెంతులకు ఎక్కువ మార్కులు వచ్చు దినములు రాగా, గాలిలో మూడు చుట్లు, తరువాత నాలుగు చుట్లు తిరుగు బాలికలు బయలుదేరిరి. 2018లో రష్యా దేశపు అలెగ్జాండ్రా త్రూసొవా అను బాలిక తన పదమూడవ ఏట చిన్నవారి ప్రపంచ పోటీలో నాలుగు చుట్ల గెంతులు రెండు విధములవి చేసి చూపెను.

అయితే పదమూడేండ్ల పిల్ల పదమూడేండ్లకే ఆగిపోవునా? రెండు మూడు సంవత్సరములలో ఎత్తు పెరుగును, నడుము వెడల్పగును, బరువు వచ్చును. దేవుడు స్త్రీ శరీరమునకు నియమించిన క్రమమది. ఆ క్రమము వచ్చినప్పుడు నిన్నటి గెంతు నేడు రాదు. గనుక ఆ విద్యాలయములలో కొన్నింట బిడ్డ ఎదుగుట దుర్వార్త ఆయెను. ప్రియులారా, దీనిని తలంచి చూడుడి. ఇంట పుట్టినరోజు వచ్చిన యెడల భయము. గౌను బిగుతైన యెడల భయము. అన్నము ఒక ముద్ద ఎక్కువ తినిన యెడల భయము. 2014లో సోచీ పట్టణపు ఒలింపిక్ ఆటలలో తన జట్టుకు బంగారు పతకము తెచ్చిన పదిహేనేండ్ల యూలియా లిప్నిత్‌స్కాయా, అన్నము తినలేని వ్యాధికి చికిత్స పొంది, 2017లో పందొమ్మిదవ ఏట ఆట విడిచిపెట్టితినని తెలియజేసెను. పందొమ్మిదేండ్లకు మన ఆడపిల్లలు కాలేజీ చదువుచుందురు.

హన్నా అయితే ఏటేటా అంగీని పెద్దది చేసెను. ఇక్కడ నిరుటి అంగీ ఈ యేడు కూడ సరిపోవలెనని కోరుచున్నారు.

2022 ఫిబ్రవరిలో బీజింగు పట్టణమున జరిగినది మీలో కొందరు టీవీలో చూచియుందురు. కమీలా వాలియెవా అను రష్యా బాలిక, పదిహేనేండ్లది, లోకములో అందరికంటె మిన్న యని పేరు పొందినది. 2021 డిసెంబరు 25న, అనగా మనము క్రిస్మస్ ఆచరించు దినముననే, ఆమెయొద్ద తీసిన పరీక్షలో నిషేధింపబడిన గుండెజబ్బు మందు కనబడెనని ఆ ఆటల నడుమ బయటపడెను. అయినను ఆమెను ఆడనిచ్చిరి. మొదటి దినమున ముందు నిలిచిన ఆ పిల్ల చివరి దినమున పడినది, తూలినది, మరల పడినది. ముఖము చేతులతో కప్పుకొని బయటికి వచ్చినప్పుడు, ఎందుకు పోరాటము విడిచితివని శిక్షకురాలు అడుగుట లోకమంతయు వినెను. నాలుగవ స్థానము వచ్చెను. ఒలింపిక్ సంఘపు అధ్యక్షుడు థామస్ బాఖ్ మరునాడు విలేఖరులతో, ఆ బిడ్డ చుట్టునున్న పెద్దల చల్లదనము చూచి తాను కలతపడితినని చెప్పెను. రెండవదిగా వచ్చిన త్రూసొవా, అప్పటికి పదిహేడేండ్లది, వెండి పతకము వచ్చినను బిగ్గరగా ఏడ్చినది. 2024 జనవరిలో క్రీడల న్యాయస్థానము వాలియెవాను తప్పిదస్తురాలిగా ఎంచి, నాలుగేండ్ల నిషేధమును 2021 డిసెంబరు నుండియే లెక్కించి విధించెను.

ఆ మందు ఆమె నోటికి ఎట్లు చేరెనో తీర్పు తీర్చు పని నాది కాదు. శిక్ష మాత్రము పిల్ల పేరున వ్రాయబడెను. ఆ చుట్టు నిలిచిన పెద్దలలో ఎవరి పేరున అట్టి శిక్ష వ్రాయబడినట్లు నేను వినలేదు.

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న వచ్చును. తలిదండ్రులు ఎప్పుడును చెప్పు మాట యేదనగా, మేము బలవంతపెట్టలేదండీ, బిడ్డకే ఇష్టము. అది అబద్ధము కాదు. ఆ పిల్లలు తెల్లవారకముందే లేచి మంచు మీదికి తామే పరుగెత్తుదురు. బిడ్డకే ఇష్టమైన యెడల ఇక తప్పేమి?

యెఫ్తా కుమార్తెను జ్ఞాపకము చేసికొనుడి. తండ్రి యుద్ధములో జయము కోరి, తొందరపడి మ్రొక్కుకొనెను. జయము వచ్చెను. ఎదురు వచ్చినది అతని ఒక్కగానొక్క కుమార్తె, తంబురలతో నాట్యమాడుచు. ఆమె ఎదిరించినదా? లేదు. నీవు నోరు తెరచి దేవునికి మాట యిచ్చితివి, నీ మాట చొప్పున నాకు జరిగించుమని తానే చెప్పెను. ఇష్టపూర్వకముగానే చెప్పెను. అయినను ఆమె ఇష్టము తండ్రి మ్రొక్కుబడిని మంచిదిగా చేసెనా? చేయలేదు. బిడ్డలు మనలను ప్రేమింతురు గనుక, మన కోరికను తమ కోరికగా తొడుగుకొందురు. ఎనిమిదేండ్ల పిల్ల, నాకు ఇష్టమే నాన్నా అన్నప్పుడు, ఆ మాటలో పిల్ల ఎంత, నాన్న ఎంత అని విడదీయుట ఆ పిల్లకే సాధ్యము కాదు. విడదీయవలసిన భారము నాన్నది.

హన్నాయు మ్రొక్కుకొనెను, యెఫ్తాయు మ్రొక్కుకొనెను. ఇద్దరును బిడ్డలను ఇచ్చిరి. యెఫ్తా మ్రొక్కునప్పుడు అతని మనస్సులో నున్నది జయము. ఎదురుగా వచ్చునది ఎవరో తలంచలేదు. హన్నా మనస్సులో నున్నది బిడ్డయే. పాలు విడుచువరకు ఆగెను. పెనిమిటి ఏటేటి బలికి బయలుదేరినను తాను పోక, బిడ్డ సిద్ధమగువరకు ఇంట నిలిచెను. ఇచ్చిన తరువాత కూడ కొలత మరువలేదు.

అమెరికాలో ఆలిసా లూ అను పిల్ల యున్నది. 2019లో పదమూడవ ఏటనే ఆ దేశపు స్త్రీలందరిలో మొదటిది వచ్చినది. 2022లో, పదహారవ ఏట, ఇక చాలునని బూట్లు విప్పి ఇంటికి పోయినది. స్నేహితురాండ్రతో తిరిగినది, కొండలకు వెళ్లినది, కాలేజీలో చేరినది. 2024లో తానే మరల రావలెనని కోరి, తన పాటను, తన దుస్తులను ఎన్నుకొనుటలో తన మాట నిలువవలెనని చెప్పి వచ్చినది. 2025 మార్చిలో బోస్టను పట్టణమున పందొమ్మిదేండ్ల వయస్సున ప్రపంచ పోటీ గెలిచెను. నేను ఆ వీడియో చూచితిని. నవ్వుచు ఎగురుచుండెను. ఎదుగుట ఈ ఆటకు శత్రువు కానక్కర లేదని దీనిని చూచి తెలిసికొంటిని.

స్కేటింగులో మరియొక ఆచారము కలదు. ఆట ముగిసిన తరువాత బిడ్డ ఒక బల్ల మీద కూర్చుండి, మార్కులు చదువబడువరకు కనిపెట్టవలెను. ముద్దులు, కన్నీళ్లు అను రెండు మాటలు కలిపి ఆ స్థలమునకు పేరు పెట్టిరి. ప్రక్కన శిక్షకులు, ఒక్కొక్కప్పుడు తల్లియో తండ్రియో కూర్చుందురు. పైన పలకమీద అంకెలు వచ్చును. ఆ అంకెలు చూచి ప్రక్కనున్నవారి ముఖము మారునా, మారదా? బిడ్డ అంకెలు చూచిన వెంటనే చూచునది ఆ ముఖమునే.

యొర్దానులో మన ప్రభువు బాప్తిస్మము పొందినప్పుడు ఆకాశమునుండి తండ్రి స్వరము వచ్చెను. ఈయన నా ప్రియకుమారుడని, ఈయనయందు నాకు సంతోషమని తండ్రి తెలియజేసెను. అప్పటికి ప్రభువు ఏ అద్భుతము చేసియుండెను? కానా పెండ్లి ఇంకను జరుగలేదు. ఒక రోగియు స్వస్థపరచబడినట్లు వ్రాయబడలేదు. నజరేతులో వడ్లవాని పనియే అంతవరకు. తండ్రి సంతోషము ముందు వచ్చెను, పని తరువాత వచ్చెను. మనము దీనిని తలక్రిందులు చేసి, ముందు నీ మార్కులు చూపుము, తరువాత నా ముఖము చూతువని పిల్లలకు నేర్పుచున్నామేమో.

లోకపు స్కేటింగు సంఘమువారు 2022 జూనులో థాయిలాండు దేశపు ఫుకెట్టులో కూడి, పెద్దల పోటీలకు కనీస వయస్సును 15 నుండి 17కు పెంచిరి. అనుకూలముగా 100, ప్రతికూలముగా 16 మంది చేతులెత్తిరి. మెల్లగా పెంచి, 2024 శీతకాలపు పోటీలనుండి 17 పూర్తిగా అమలులోనికి తెచ్చిరి. మంచి నియమమే. సోన్యా హెనీ నేడు వచ్చిన యెడల ఆరేండ్లు ఆగవలసియుండును. చిన్నవారి పోటీలు మాత్రము ఎప్పటివలెనే జరుగుచున్నవి. ఆ బల్ల మీద ఎనిమిదేండ్ల పిల్లలు ఎప్పటివలెనే కూర్చుండుచున్నారు. వారి ప్రక్కన కూర్చుండువారి ముఖమునకు ఏ సంఘమును నియమము చేయలేదు.

యాకోబు తన అన్నను కలిసికొన్నప్పుడు, రమ్ము, కలిసి పోవుదమని ఏశావు పిలిచెను. ఏశావుతో నాలుగు వందలమంది మగవారు, వేగముగా నడుచువారు. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు లేతవారు, పాలిచ్చు పశువులు నాతో నున్నవి, ఒక్క దినము ఎక్కువ తోలిన యెడల మంద చచ్చును, నేను వారి అడుగును బట్టి మెల్లగా వచ్చెదనని చెప్పెను. యాకోబు అన్నకు భయపడి సాకు చెప్పెనని కొందరు వ్యాఖ్యానకర్తలు అందురు. నిజమే కావచ్చును, అతడు తరువాత సుక్కోతుకే పోయెను గాని శేయీరుకు పోలేదు. సాకు అయినను, మంద కాచినవాని నోట వచ్చిన సాకు అది. ఎంత తోలవచ్చునో, ఎక్కడ ఆపవలెనో వానికి తెలియును.

ఇక పెద్దాయన అడిగిన మాటకు వచ్చెదను. మన పిల్లలకు మంచు ఎందుకు? మంచు లేదు. అయితే ఆ బల్ల మన ఊళ్లలోను ఉన్నది. నా తప్పు నేను చెప్పుకొనెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మస్ ముందు మన ఆదివారపు బడి పిల్లలకు కంఠస్థ వాక్యముల పోటీ పెట్టితిమి. మొదటి ముగ్గురికి స్టీలు గిన్నెలు బహుమానము. తీర్పరులలో నేనొకడను. తొమ్మిదేండ్ల పిల్ల ఒకతె ఒక కీర్తన మొదలుపెట్టి సగము వరకు చక్కగా చెప్పి, ఆగిపోయినది. పైకప్పు వైపు చూచినది. తరువాత వేదిక దిగి, చాప మీద కూర్చున్న తన అవ్వయొద్దకు పరుగెత్తి, చెవిలో అడిగి, తిరిగి వచ్చి మిగిలినది తప్పు లేకుండ చెప్పి ముగించినది. సంఘమంతయు ప్రేమతో నవ్వినది. నేను నవ్వితిని. నవ్వుచునే రెండు మార్కులు తగ్గించితిని. నియమము నియమమే గదా అనుకొంటిని. ఆ రెండు మార్కులతో ఆ పిల్ల నాలుగవది ఆయెను.

మరుసటి ఆదివారము ఆ పిల్ల రాలేదు. ఆ పై ఆదివారమును రాలేదు. నేను వారి ఇంటికి వెళ్లితిని. తల్లి కొంచెము కోపముగా, "ఇంట్లో ఒక్క తప్పు లేకుండా చెప్పింది అయ్యగారూ, అక్కడికొచ్చి నా పరువు తీసింది" అనెను. పిల్ల గడప ప్రక్కన నిలిచి వినుచున్నది. నేను దగ్గరకు పిలిచితిని. "అయ్యగారూ, ఈసారి అవ్వ దగ్గరికి పోను. మరిచిపోయినా పోను" అని చెప్పెను. అది మంచి తీర్మానమని, నేను మెచ్చుకొందునని, నా ముఖమువైపు చూచినది.

నాకు నోట మాట రాలేదు. ఆ పిల్ల మా పోటీలో నేర్చుకొన్న పాఠము అది. కీర్తన కాదు. మరచినప్పుడు అవ్వయొద్దకు పోకూడదని నేర్చుకొన్నది. నేర్పినది నేను, రెండు మార్కులతో.

అవ్వ లోపల గుమ్మమునొద్ద కూర్చుండి ఏదో కుట్టుచుండెను. క్రొత్త సంవత్సరపు ఆరాధనకు తొడుగవలసిన పావడా. నిరుడు కుట్టించినప్పుడు అడుగున లోపలికి మడిచి కుట్టిన గుడ్డను ఇప్పుడు విప్పుచున్నది. "రెండు వేళ్లు పొడుగైంది బాబూ ఈ ఏడు" అని, కన్నులకు దగ్గరగా పెట్టుకొని దారము లాగుచు, నవ్వుచు నాతో చెప్పెను. ఆ పిల్ల వెళ్లి ఆమె ప్రక్కన కూర్చుండెను. నేనును ఆ గడపమీదనే కూర్చుండి, ఆ కీర్తనను మొదటినుండి చెప్పుమని పిల్లను అడిగి, మరచినచోట అవ్వను అడుగవచ్చునంటిని. అదే చోట ఆగినది. అవ్వవైపు తిరిగినది.